ఆర్గానిక్ అంటే ఏ ఆర్గానిక్? ఒక్క మాటకు ఇన్ని అర్థాలు, రైతు చూసుకోవలసినవి



పై వీడియోలో నా చేతిలో ఉన్న ఖాళీ సీసా చూశారు కదా. దాని పేరు కనపడకుండా కాగితం అంటించాను. ఆ కాగితం కింద పెద్ద అక్షరాలతో "నూటికి నూరు శాతం ఆర్గానిక్" అని ఉంది. వీడియోలో టైము చాలక చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మిరపకు నల్ల తామర పురుగు విపరీతంగా వచ్చిన ఏడాది అది. కషాయాలు కొట్టాను, జిగురు అట్టలు పెట్టాను, అయినా పూత నిలవలేదు. పురుగుమందుల కొట్టులో అడిగితే ఈ సీసా ఇచ్చి, "అన్నా, ఇది కెమికల్ కాదు, ఆర్గానిక్. మీ సర్టిఫికెట్‌కేమీ ఇబ్బంది లేదు" అన్నాడు. రెండుసార్లు కొట్టాను. పురుగు మూడో రోజుకే తగ్గిపోయింది. అప్పుడే అనుమానం రావాలి నాకు, రాలేదు.

కాయ కోసి ఎండబెట్టాక, కొనుగోలుదారు శాంపిల్ తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే రసాయన పురుగుమందు అవశేషం తేలింది. పక్క చేను నుంచి గాలికి వచ్చిందేమో అనుకున్నాం. సీసా అడుగున మిగిలిన మందు కూడా పంపించాను. అందులోనూ అదే మందు! మా గ్రూపులో మిగతా రైతుల సరుకు మీద కూడా అనుమానం పడింది. నా మిర్చి మామూలు రేటుకు పోయింది. డబ్బు పోయినదానికంటే, తోటి రైతుల ముందు తల వంచుకోవాల్సి వచ్చినందుకు ఎక్కువ బాధపడ్డాను.

సీసా మీదున్న నంబరుకు ఫోన్ చేసి గట్టిగా అడిగాను. అవతలి ఆయన ఏమాత్రం తడబడకుండా, "సార్, అది ఆర్గానిక్ మాలిక్యూలే. మేం అబద్ధం రాయలేదు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే, అప్పట్లో ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి నవ్వాడు. "ఆయన చెప్పింది కెమిస్ట్రీ ప్రకారం కరెక్టే నాన్నా. ఆ లెక్కన యూరియా కూడా ఆర్గానిక్కే" అన్నాడు. పుస్తకం తెచ్చి చూపించాడు కూడా. నాకు ఒక నిమిషం మాట రాలేదు. పదేళ్లుగా నేను ఏ బస్తాను చేలోకి రానివ్వడం లేదో, ఆ బస్తాలో ఉన్నది ఆర్గానిక్ పదార్థమట!

ఆ రోజు నుంచి ఈ మాట వెంట పడ్డాను. తెలుసుకున్నది ఇది.

మొదట అది పనిముట్టు

ప్రాచీన గ్రీకు భాషలో "ఆర్గనాన్" అంటే పనిముట్టు, సాధనం. పని అనే అర్థమున్న "ఎర్గాన్" అనే మాటకు అది చుట్టం. "ఎనర్జీ" అనే మాటా ఆ వంశానిదే. అరిస్టాటిల్ తర్కశాస్త్ర గ్రంథాలన్నిటికీ కలిపి "ఆర్గనాన్" అనే పేరుంది. అంటే ఆలోచనకు పనిముట్టు అని.

ఆ మాట లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. చర్చిలో గొట్టాలతో మోగే పెద్ద వాయిద్యం "ఆర్గన్" అయింది, ఎందుకంటే అది సంగీతానికి సాధనం. శరీరంలో ఒక్కొక్క పని చేసే భాగం కూడా "ఆర్గన్" అయింది. కన్ను చూడటానికి సాధనం, కడుపు అరిగించడానికి సాధనం. ఈ సాధనాలన్నీ కలిసి ఒక్కటిగా బతికేది "ఆర్గానిజం", అంటే జీవి. పనులు ఒక పద్ధతిలో అమర్చుకుంటే అది "ఆర్గనైజ్" చేయడం.

అసలు అర్థం పట్టుకుని చూస్తే మన నాగలి, కొడవలి అందరికంటే ముందు ఆర్గానిక్ అన్నమాట!

కెమిస్ట్రీవాళ్ల ఆర్గానిక్

1800 తర్వాత తొలి ఏళ్లలో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ పదార్థాలను రెండు గుంపులు చేశాడు. చెట్లు, జంతువులు లాంటి జీవుల నుంచి వచ్చేవి ఆర్గానిక్. రాళ్లు, లోహాలు, ఖనిజాల నుంచి వచ్చేవి ఇనార్గానిక్. మొదటి రకం పదార్థాలు తయారవ్వాలంటే జీవుల్లో ఉండే ఏదో ప్రాణశక్తి కావాలని, ప్రయోగశాలలో అవి పుట్టవని ఆ కాలం శాస్త్రవేత్తలు చాలామంది నమ్మేవారు.

1828లో జర్మనీకి చెందిన వోలర్, అమ్మోనియం సయనేట్ అనే ఇనార్గానిక్ పదార్థంతో పనిచేస్తుంటే తెల్లటి పలుకులు వచ్చాయి. చూస్తే అది యూరియా! అంతకుముందు యూరియా అంటే మూత్రంలో దొరికేదే. మూత్రపిండం అక్కర్లేకుండా యూరియా చేశానని ఆయన బెర్జీలియస్‌కు ఉత్తరం రాశాడు. ఆ నమ్మకానికి అక్కడి నుంచి బీటలు పడుతూ వచ్చాయి.

నమ్మకం పోయింది కానీ పేరు మాత్రం మిగిలిపోయింది. తర్వాత అర్థం మార్చుకున్నారు. కర్బనం ప్రధానంగా ఉన్న పదార్థాలు దాదాపు అన్నీ ఆర్గానిక్ అన్నారు. సున్నపురాయి, బొగ్గుపులుసు వాయువు లాంటి కొన్ని మాత్రం మినహాయింపు. పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇక లెక్కలోకి రాదు. ఆ ప్రకారం పెట్రోలు ఆర్గానిక్. మల్చింగ్ షీటు ఆర్గానిక్. డి.డి.టి., ఎండోసల్ఫాన్ ఆర్గానో క్లోరిన్ జాతి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ ఆర్గానో ఫాస్ఫరస్ జాతి. పేరులోనే "ఆర్గానో" ఉంది చూడండి. నాకు ఫోన్‌లో సమాధానం చెప్పినాయన దాక్కున్నది ఈ అర్థం వెనకాలే.

తలకిందులుగా కూడా ఉంటుంది. గంధకం, మైలుతుత్తం, సున్నం, రాక్ ఫాస్ఫేట్ కెమిస్ట్రీ ప్రకారం ఇనార్గానిక్. కానీ సేంద్రియ ప్రమాణాల్లో వీటికి కొన్ని పరిమితులతో అనుమతి ఉంది. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అలాంటిదే. కాబట్టి కెమిస్ట్రీ మాట, వ్యవసాయం మాట ఒకటి కావు. ఒకదాన్ని పెట్టి రెండోదాన్ని కొలవకూడదు.

మరి గోమూత్రంలో యూరియా ఉంది కదా?

ఇది నన్ను చాలామంది అడిగే ప్రశ్న. అవును, ఉంది. గోమూత్రంలో నత్రజని ఎక్కువ భాగం యూరియా రూపంలోనే ఉంటుంది. జీవామృతంలో మనం పోసే మూత్రంలోని యూరియా అణువు, బస్తాలోని యూరియా అణువు ఒకటే. "మనది వేరే యూరియా" అని వాదించకండి, ఓడిపోతారు.

తేడా అణువులో లేదు. బస్తా యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. సహజవాయువు లాంటి ఇంధనం ఖర్చుపెట్టి, అధిక వేడి, ఒత్తిడిలో గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి, దాన్ని బొగ్గుపులుసు వాయువుతో కలిపి తయారు చేస్తారు. అది నత్రజని ఒక్కటే ఇస్తుంది. మూత్రం అలా ఒంటరిగా రాదు. అందులో పొటాష్, ఇతర లవణాలు ఉంటాయి. మనం దానికి పేడ, బెల్లం, పప్పుపిండి కలిపి, కోట్ల కొద్దీ సూక్ష్మజీవులతో పాటు చేనికి ఇస్తాం. అదీ బాగా పలుచగా. సేంద్రియ ప్రమాణాలు ఫ్యాక్టరీ యూరియాను వద్దనేది అది తయారైన తీరును బట్టి. మనం వద్దనుకునేది నేలలోని జీవాన్ని పక్కనబెట్టి మొక్క నోట్లో నేరుగా మేత పెట్టే ఆ పద్ధతిని బట్టి. ఈ కారణం చెబితే ఎవరి ముందైనా నిలబడుతుంది.

పొలం ఒక ప్రాణి

మన ఆర్గానిక్ కెమిస్ట్రీ నుంచి రాలేదు. ఇంగ్లండులో నార్త్‌బోర్న్ ప్రభువు అనే రైతు 1940లో "లుక్ టు ద ల్యాండ్" అనే పుస్తకం రాశాడు. "ఆర్గానిక్ ఫార్మింగ్" అనే మాటను వాడుకలోకి తెచ్చింది ఆ పుస్తకమే అంటారు. పొలం మొత్తం ఒక జీవి లాంటిదని ఆయన ఆలోచన. నేల, పంట, పశువు, మనిషి దాని అవయవాలు. ఒకదాని వ్యర్థం ఇంకొకదానికి ఆహారం. బయటి నుంచి బస్తాలు తెచ్చి పోస్తే ఆ జీవి సొంతంగా బతకడం మానేస్తుంది.

అంటే ఇక్కడ ఆర్గానిక్ అన్నది ఎరువుకు పేరు కాదు, పొలానికి పేరు! పనిముట్టు నుంచి అవయవం, అవయవం నుంచి ప్రాణి, ప్రాణి నుంచి పొలం. మాట ఆ దారిన వచ్చింది.

అదే ఏడాది ఆల్బర్ట్ హోవార్డ్ పుస్తకం "యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్" వచ్చింది. ఈయనకూ మనకూ గట్టి సంబంధం ఉంది. 1905లో ఇండియాకు వచ్చి, ఇప్పటి బీహార్‌లోని పూసాలో పనిచేశాడు. తర్వాత 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో ఉన్నాడు. భార్య గాబ్రియెల్ కూడా శాస్త్రవేత్తే, ఆయనతో కలిసి పనిచేసింది. మన రైతులు, పంట మీది పురుగులు తనకు గురువులని ఆయన చెప్పుకున్నాడు. అక్కడ రూపుదిద్దిన కంపోస్టు పద్ధతికే ఇండోర్ పద్ధతి అని పేరు. 1942లో అమెరికాలో రోడేల్ ఈ ఆలోచనల మీద పత్రిక మొదలుపెట్టి, ఆర్గానిక్ అనే మాటను ఇంటింటికీ చేర్చాడు. మన ఊరి పెంటకుప్ప నుంచి నేర్చుకున్న విద్య, ఇంగ్లీషు పేరు పెట్టుకుని మళ్లీ మన ఊరికే వచ్చిందన్నమాట.

మన సేంద్రియం

తెలుగులో ఈ ఇంగ్లీషు మాటను రెండుగా చీల్చుకున్నాం, అది మన అదృష్టం. కెమిస్ట్రీకి "కర్బన రసాయన శాస్త్రం" అన్నాం. వ్యవసాయానికి "సేంద్రియ వ్యవసాయం" అన్నాం. స అంటే కూడిన, ఇంద్రియం అంటే కన్ను, ముక్కు లాంటివి. ఇంద్రియాలతో కూడినది సేంద్రియం. ఆర్గన్‌కు ఇంద్రియం సరిగ్గా సరిపోయింది.

ఇది నిన్న మొన్న పుట్టిన మాట కూడా కాదు. చరక సంహితలో ద్రవ్యాలను రెండుగా విడదీసి, ఇంద్రియాలు ఉన్నది చేతనం, లేనిది అచేతనం అని చెప్పారు. సేంద్రియం అంటే ప్రాణమున్నది. యూరియాను కర్బన పదార్థం అనండి, ఎవరికీ అభ్యంతరం లేదు. సేంద్రియం అని మాత్రం తెలుగులో మామూలుగా అనరు. అందుకే కొట్టువాళ్లు సీసా మీద ఇంగ్లీషు మాటే రాస్తారేమో అనిపిస్తుంది నాకు!

భూసార పరీక్షలో ఆర్గానిక్ కార్బన్

ఇక్కడ మాటకు ఇంకో అర్థం. మట్టిలో కర్బనం రెండు రకాలుగా ఉంటుంది. సున్నం, సుద్ద రూపంలో ఉన్నది ఒకటి. ఆకు, వేరు, పేడ, సూక్ష్మజీవులు కుళ్లగా వచ్చినది ఇంకొకటి. రెండోదే సేంద్రియ కర్బనం. మన ల్యాబుల్లో 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ అని, 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం అని, ఆ పైన ఎక్కువ అని రాస్తారు. నత్రజని ఎంత అందుతుందో కూడా దీన్ని బట్టే అంచనా కడతారు. ఈ అంకెను 1.724తో గుణిస్తే సేంద్రియ పదార్థం ఎంతో వస్తుంది.

ఒక లెక్క చూడండి. ఎకరంలో పైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. మీ కార్డులో 0.4 ఉంటే అందులో కర్బనం 3,600 కిలోలు. దాన్ని 0.5 చేయాలంటే ఇంకో 900 కిలోల కర్బనం మట్టిలో నిలవాలి. నిలవాలి అన్నాను, పోయాలి అనలేదు. మనం వేసిన ఎరువులో, ఆకులో ఎక్కువ భాగం సూక్ష్మజీవులు తిని గాలిలోకి వదిలేస్తాయి. కాబట్టి "మా లీటరు సీసాతో ఒక్క పంటలో ఆర్గానిక్ కార్బన్ రెట్టింపు" అని ఎవరైనా అంటే, ఈ 900 కిలోల లెక్క చెప్పి ఆ లీటరులో ఎన్ని కిలోలున్నాయో అడగండి. ఏడాది పొడవునా నేల మీద పచ్చదనం, ఆచ్ఛాదన, వేర్లు, వీటితో కొన్నేళ్లకు వచ్చే మార్పు అది.

చట్టం చెప్పే ఆర్గానిక్

చివరిది డబ్బుతో ముడిపడినది. మన దేశంలో 2001 నుంచి ఎన్.పి.ఓ.పి. అనే జాతీయ కార్యక్రమం ఉంది, దాన్ని అపెడా చూస్తుంది. రైతులు గ్రూపుగా ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పి.జి.ఎస్. పద్ధతి ఇంకొకటి. ఆహార భద్రతా సంస్థ 2017లో చేసిన నిబంధనల ప్రకారం సేంద్రియం అని ముద్రించి అమ్మే ఆహారానికి ఈ రెంటిలో ఏదో ఒక ధ్రువీకరణ ఉండాలి. జైవిక్ భారత్ గుర్తు వచ్చింది అప్పుడే. చిన్న రైతు తన పంటను నేరుగా తినేవారికి అమ్ముకుంటే షరతులతో మినహాయింపు ఉంది.

ఇక్కడ ఆర్గానిక్ అంటే పదార్థం గురించి కాదు, పద్ధతి గురించి. ఎన్.పి.ఓ.పి.లో ఏడాది పంటలకు రెండేళ్లు, పండ్ల తోటల వంటి బహువార్షిక పంటలకు మూడేళ్లు మార్పు కాలం పెట్టింది అందుకే.

ఇవన్నీ పంటకు. మనం కొనే సీసాకు చట్టం వేరు. సేంద్రియ ఎరువులు, జీవన ఎరువులు, 2021 నుంచి బయో స్టిమ్యులెంట్లు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తాయి. పురుగును చంపుతుంది అని చెప్పుకునేది ఏదైనా, వేప మందైనా సరే, 1968 పురుగుమందుల చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. బయో స్టిమ్యులెంట్ అని అనుమతి తీసుకున్నది పురుగుమందుగా అమ్మకూడదు. నా సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదు, రంగు గుర్తు లేదు. "ఆర్గానిక్" ఒక్కటే ఉంది. నేను చదివిందీ అదొక్కటే. తప్పులో నా వాటా అది.

ప్రకృతి వ్యవసాయం మాటేమిటి అంటారా? సేంద్రియ ధ్రువీకరణలో అనుమతి ఉన్న ఎరువులు, మందులు బయట కొనుక్కోవచ్చు. మన పద్ధతిలో బయట కొనడమే తగ్గించుకుంటాం. అనుకోకుండా మనమే నార్త్‌బోర్న్ చెప్పిన ఆ పాత అర్థానికి దగ్గరగా ఉన్నాం.

కొనే ముందు అడగవలసినవి

1. "ఆర్గానిక్ అంటే ఏ ఆర్గానిక్? అణువా, పద్ధతా?" సమాధానం తడబడితే సీసా కింద పెట్టేయండి.

2. ఇందులో ఏముంది? పదార్థం పేరు, శాతం లేబుల్ మీద ఉందా? "మూలికల సారం" అంటే చాలదు.

3. పురుగు చస్తుందని చెబితే, పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడ?

4. మీ సర్టిఫికేషన్ సంస్థనో, గ్రూపునో అడిగారా? కొట్టకముందు అడగండి, కొట్టాక కాదు. కోళ్ల ఫారం ఎరువు, సిటీ కంపోస్టు లాంటివి తెచ్చేముందు కూడా అంతే.

5. బిల్లు తీసుకున్నారా? మందులో కొంచెం మిగిల్చి, సీసాతో సహా దాచారా? నా విషయంలో ఆ అడుగున మిగిలిన మందు లేకపోతే, తప్పు పక్క చేను రైతు మీద పడేది.

కొసరుగా ఒక మాట. ఈ వీడియో ఎడిట్ చేసింది మా అబ్బాయే. నిన్న ఫోన్ చూసి, "నాన్నా, మనకు వచ్చేవన్నీ ఆర్గానిక్ వ్యూస్" అన్నాడు. అదేమిట్రా మళ్లీ అంటే, డబ్బిచ్చి తెప్పించుకున్నవి కాదు, వాళ్లంతట వాళ్లు వచ్చి చూసినవి అని అర్థమట. ఇన్ని అర్థాల్లో ఇదొక్కటే నాకు ఖర్చు లేకుండా వచ్చింది.

మీరు కూడా ఇలాంటి సీసా కొని మోసపోయి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. నేను చెప్పాను కదా. ఒకరు చెబితే పదిమంది లేబుల్ తిప్పి చూస్తారు.